చివరి కుస్తీ ఎవరి చేతిలో ఉంది? రెజ్లింగ్ కంపెనీల గెలుపోటముల వెనక లెక్క

నాందేడ్ జిల్లా సరిహద్దులో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల తెలుగువాళ్లకు కుస్తీ రెండు రకాలుగా తెలుసు. ఒకటి యాత్రలో మట్టి బరి మీద జరిగేది. రెండోది టీవీలో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ రెండోది కేబుల్‌లో కనిపించడం మానేసింది. సోనీతో ఒప్పందం ముగియడంతో భారత్‌లో కార్యక్రమాలన్నీ నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లిపోయాయి. డబ్బా మార్చి చూసినవాళ్లు, కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసినవాళ్లు, కంపెనీ మూతపడిందేమో అనుకున్నవాళ్లు చాలామంది.

కంపెనీ మూతపడలేదు. దాని చరిత్రలో ఇంత డబ్బు ఎప్పుడూ రాలేదు. మూతపడినవి దానితో పోటీపడిన కంపెనీలు. వాటిలో ఒకటి డబ్ల్యూడబ్ల్యూఈ కన్నా ఎక్కువ డబ్బుతో, ఎక్కువ పేరున్న మల్లులతో, ఎక్కువమంది ప్రేక్షకులతో దాదాపు రెండేళ్లు ముందు నడిచి, మరో మూడేళ్లకు చిల్లర ధరకు అమ్ముడుపోయింది. ఎందుకలా జరిగిందో తెలియాలంటే బరి మీద జరిగేది పక్కనపెట్టి, కాంట్రాక్టు కాగితాలు, ప్రసార ఒప్పందాలు చూడాలి.

క్లుప్తంగా

రెజ్లింగ్ కంపెనీకి ఆదాయం ప్రధానంగా ప్రసార హక్కుల నుంచి వస్తుంది. ఎవరు గెలవాలో నిర్ణయించే అధికారం, ఆ నిర్ణయం వల్ల వచ్చే నష్టం ఒకే చోట ఉన్న కంపెనీలు తప్పులు చేసినా దిద్దుకోగలిగాయి. అధికారం ఒకరి దగ్గర, డబ్బు మరొకరి దగ్గర, ప్రసార వేళ ఇంకొకరి దగ్గర ఉన్నవి కూలాయి. అయితే అధికారమంతా ఒకే చేతిలో ఉండటానికీ వేరే మూల్యం ఉంది.

యాత్ర బరిలో కమిటీ చేసే పని

సరిహద్దుకు ఇటు నాందేడ్ వైపైనా, అటు బోధన్, మద్నూర్ వైపైనా యాత్ర కుస్తీల పద్ధతి ఒకటే. చిన్నపిల్లల జోడీలతో మొదలవుతుంది. వాళ్లకు బహుమానం కొబ్బరికాయ. పొద్దు వాలేకొద్దీ ఇనాం పెరుగుతుంది. చివరిది వెండి కడియం కుస్తీ. దాని కోసమే పక్క ఊళ్ల జనం సాయంత్రం దాకా బరి చుట్టూ కూర్చుంటారు. లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా యాత్ర కుస్తీ దంగల్ నుంచి చిన్న ఊరి జాతర దాకా ఇదే వరస.

ఇందులో కమిటీ పని నాలుగు ముక్కలు. ఇనాం సొమ్ము ముందే పోగుచెయ్యాలి. సరిసమానమైన జోడీ కుదర్చాలి. కుస్తీల వరస పెట్టాలి. పంచులు చెప్పిన మాట పైల్వాన్లు వినేలా చూడాలి. చివరి కుస్తీని మధ్యాహ్నమే ఆడిస్తే సాయంత్రానికి బరి చుట్టూ ఎవరూ ఉండరు. బరువైనవాడికి తేలికైనవాణ్ణి కడితే నిమిషంలో చిత్తవుతాడు, జనం గొణుగుతారు. ఇద్దరు పైల్వాన్లు ఇనాం సగం సగం పంచుకుందామని ముందే మాట్లాడుకుంటే అది నూరా కుస్తీ. తాలీంలో నాలుగు రోజులు మట్టి తొక్కినవాడెవడైనా దాన్ని పసిగడతాడు. మరుసటి ఏడు చందా పుస్తకం పట్టుకుని వెళ్లినప్పుడు కమిటీకి ఆ సంగతి తెలుస్తుంది.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే ఖాయం. చూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, కాబట్టి అందులో మోసం లేదు. కానీ కమిటీ చేసే మిగతా పనులన్నీ అక్కడా ఉన్నాయి. ఎవరిని ఎవరితో కట్టాలి, ఏది ఉచితంగా చూపాలి, ఏది డబ్బు కట్టినవాళ్లకు దాచాలి, ఎవరు ఎప్పుడు ఓడాలి అన్నవి నిర్ణయించే మనిషిని బుకర్ అంటారు. మామూలు క్రీడలో యాజమాన్యం ఎంత చెడ్డదైనా మంచి ఆటగాడు గెలిచి జట్టును నిలబెట్టవచ్చు. ఇక్కడ గెలుపు కూడా యాజమాన్యం తయారుచేసే సరుకే. అందుకే నిర్వహణ లోపం నేరుగా తెర మీద కనిపిస్తుంది.

బెల్టు ఎవరి ఆస్తి

మహారాష్ట్ర కుస్తీ ప్రియులకు 2023 నవంబరు గుర్తుండే ఉంటుంది. రెండు సంఘాల పోటీ వల్ల ఒకే నెలలో రెండు 'మహారాష్ట్ర కేసరి' పోటీలు జరిగాయి. పుణె దగ్గరి ఫుల్‌గావ్‌లో సికందర్ షేక్, ధారాశివ్‌లో నాందేడ్ తరఫున ఆడే శివరాజ్ రాక్షే విజేతలయ్యారు. ఇద్దరూ నిజమైన మల్లులే, ఇద్దరూ బరిలో కష్టపడే గెలిచారు. కానీ ఆ ఏటి కేసరి ఎవరంటే ఒక్క పేరు చెప్పే వీలు లేకపోయింది. బిరుదు విలువ గెలిచినవాడి బలంలోనే ఉండదు, ఇచ్చేవాడు ఒక్కడే కావడంలోనూ ఉంటుంది.

అమెరికాలో ఈ పాఠం డబ్బు రూపంలో వచ్చింది. 1948లో ఏర్పడిన ఎన్‌డబ్ల్యూఏ అనే ప్రమోటర్ల కూటమిలో ఛాంపియన్ అయ్యే మల్లు 25,000 డాలర్ల ధరావతు కట్టాలి. బెల్టు తిరిగి అప్పగించకుండా, ఓడాల్సిన చోట ఓడకుండా పారిపోతే ఆ సొమ్ము పోతుంది. 1991లో డబ్ల్యూసీడబ్ల్యూ (పైన చెప్పిన, రెండేళ్లు ముందు నడిచి అమ్ముడుపోయిన కంపెనీ ఇదే) యాజమాన్యం తన ఛాంపియన్ రిక్ ఫ్లెయిర్‌ను తొలగించింది, ధరావతు మాత్రం తిరిగివ్వలేదు. ఫ్లెయిర్ బెల్టు చేతబట్టుకుని పోటీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలో ప్రత్యక్షమయ్యారు (2002లో పేరు మార్చుకున్న నేటి డబ్ల్యూడబ్ల్యూఈయే ఇది). ఒక చిన్న బకాయి తీర్చకపోవడం వల్ల కంపెనీ తన అతి విలువైన వస్తువును ఎదుటివాడి దుకాణంలో చూసుకోవాల్సి వచ్చింది.

1995 డిసెంబరులో ఇది తిరగబడింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళా ఛాంపియన్ మడూసా డబ్ల్యూసీడబ్ల్యూలో చేరి, పాత కంపెనీ బెల్టును టీవీలో చెత్తబుట్టలో పడేశారు. రెండేళ్ల తర్వాత, 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్, డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లబోతున్న తన ఛాంపియన్ బ్రెట్ హార్ట్‌కు చెప్పకుండా ఫలితం మార్చి బెల్టు లాగేసుకోవడం వెనక ఆ భయమే ఉంది. హార్ట్‌కు 1996లో 20 ఏళ్ల కాంట్రాక్టు ఇచ్చింది మెక్‌మానే. ఏడాది తిరగకముందే దాన్ని మోయలేనని వదిలించుకున్నదీ ఆయనే. లెక్క చూసుకోకుండా ఇచ్చిన మాట చివరికి బరిలో వంచనగా తేలింది. ఆ వంచన వల్ల వచ్చిన దుష్టయజమాని పేరును మెక్‌మాన్ తర్వాత పాత్రగా మలచుకుని, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్‌కు ప్రత్యర్థిగా తానే నిలబడి కంపెనీని గట్టెక్కించారు. ఆ ఆస్టిన్‌ను 1995లో పనికిరాడని పంపేసింది డబ్ల్యూసీడబ్ల్యూ.

డబ్బు వచ్చే దారులు

పాత రోజుల్లో ఆదాయం అంటే టికెట్లు. ప్రాంతానికో ప్రమోటర్, ఒకరి హద్దులోకి మరొకరు రాకూడదు. 1982లో తండ్రి నుంచి కంపెనీ కొన్న మెక్‌మాన్ ఆ హద్దులు దాటి దేశమంతా ప్రసార వేళలు కొన్నారు. 1985 మార్చి 31న తన అతి పెద్ద వార్షిక షో రెజిల్‌మేనియాను మొదటిసారి జరిపారు. ఆ తర్వాత పే-పర్-వ్యూ వచ్చింది. ఒక్క షో చూడటానికి ఇంటి నుంచే విడిగా డబ్బు కట్టడం. ఇందులో దాదాపు సగం కేబుల్ వాళ్లకూ పంపిణీదారులకూ పోయేది. ఇక బొమ్మలు, చొక్కాలు, కార్డులు. 1990ల్లో మన బడిపిల్లల జేబుల్లో నలిగిన ట్రంప్ కార్డుల మీద ఉన్నదీ ఈ మల్లులే.

2014 ఫిబ్రవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ తన సొంత స్ట్రీమింగ్ సేవను నెలకు 9.99 డాలర్లకు తెచ్చింది. అప్పటిదాకా ఒక్కో పెద్ద షోకు 45 డాలర్లో, ఇంకా ఎక్కువో కట్టిన ప్రేక్షకుడికి ఇది పండగ. కంపెనీకి మాత్రం మధ్యవర్తి వాటా మిగలడం ఒకవైపు, పాత ఆదాయాన్ని తానే చంపుకోవడం మరొకవైపు. అదే ఏడు మే నెలలో అనుకున్నంత టీవీ ఒప్పందం కుదరలేదని తెలియగానే షేరు ఒక్కరోజులో 40 శాతానికి పైగా పడింది. ప్రసార హక్కుల మీద కంపెనీ ఎంతగా ఆధారపడిందో ఆ ఒక్కరోజు చూపింది.

2022లో డబ్ల్యూడబ్ల్యూఈ మొత్తం ఆదాయం 129 కోట్ల డాలర్లు. అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు మీడియా నుంచే. టికెట్లు, వస్తువులు కలిపి మిగతా ఒక వంతు. 2024 జనవరిలో కుదిరిన నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం పదేళ్లకు 500 కోట్ల డాలర్ల పైమాట. దీని మీద మరో దారి తెరుచుకుంది: షో తమ ఊళ్లో జరపమని నగరాలు, ప్రభుత్వాలు ఎదురు డబ్బు ఇవ్వడం. సౌదీ అరేబియాతో 2018లో పదేళ్ల ఏర్పాటు మొదలైంది. 2027 రెజిల్‌మేనియా రియాద్‌లో అని 2025లో ప్రకటించారు. ఊరి పెద్ద ఇనాం భరించి చివరి కుస్తీ తన వాకిట్లో ఆడించుకోవడం లాంటిదే ఇది, సొమ్ము మాత్రం వందల కోట్లలో.

డబ్ల్యూసీడబ్ల్యూ ఎక్కడ తప్పింది

ఈ కథ మొదలు జిమ్ క్రాకెట్ కంపెనీతో. 1987 నవంబరులో క్రాకెట్ తన అతి పెద్ద షో స్టార్‌కేడ్‌ను మొదటిసారి పే-పర్-వ్యూలో పెట్టగా, మెక్‌మాన్ సరిగ్గా అదే రోజు సర్వైవర్ సిరీస్ అనే తన షో పెట్టారు. స్టార్‌కేడ్ చూపే కేబుల్ వాళ్లకు తన షోలు ఇవ్వనన్నారు. చాలామంది కేబుల్ ఆపరేటర్లు మెక్‌మాన్ వైపే వెళ్లారు. 1988 జనవరిలో క్రాకెట్ మరో షో పెడితే, దానికి ఎదురుగా మెక్‌మాన్ తన రాయల్ రంబుల్ షోను ఉచితంగా టీవీలో వేశారు. ఖర్చులు పెంచుకుని ఉన్న క్రాకెట్ నిలవలేకపోయారు. 1988 నవంబరులో టెడ్ టర్నర్ మీడియా సంస్థ ఆ కంపెనీని కొంది. అదే డబ్ల్యూసీడబ్ల్యూ.

ఇప్పుడు దానికి రెండు టీవీ ఛానెళ్లు, తరగని డబ్బు ఉన్నాయి. ఎరిక్ బిషాఫ్ చేతికి పగ్గాలు వచ్చాక 1994లో పేరుమోసిన మల్లు హల్క్ హోగన్‌ను తెచ్చారు. 1995 సెప్టెంబరు 4న నైట్రో కార్యక్రమం సోమవారం రాత్రి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారపు కార్యక్రమం 'రా' (Raw) నడిచే వేళకే మొదలైంది. నైట్రో ప్రతి వారం ప్రత్యక్ష ప్రసారం. ఖర్చు తగ్గించుకోవడానికి రాను చాలా వారాలు ముందే రికార్డు చేసేవాళ్లు. దాంతో నైట్రోలో పోటీ కార్యక్రమం ఫలితాలు ముందే చెప్పేసేవారు. 1996లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మల్లులు స్కాట్ హాల్, కెవిన్ నాష్ వచ్చి చేరాక, జులై 7న హోగన్ దుష్టపక్షంలోకి మారాక, ఎనభైకి పైగా వారాలు వరసగా నైట్రోదే పైచేయి.

హాల్, నాష్ ఎందుకు మారారన్నది ముఖ్యం. అప్పటిదాకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో మల్లు సంపాదన టికెట్లలో, వస్తువుల్లో వాటా. హామీ సొమ్ము చాలా తక్కువ. ప్రయాణం, బస ఖర్చులు వాళ్లవే. డబ్ల్యూసీడబ్ల్యూ ఏడాదికి ఇంత అని ఖాయంగా, తక్కువ రోజుల పనికి ఇస్తానంది. దెబ్బతిన్నాక డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కూడా కనీస హామీ కాంట్రాక్టులకు మారింది. రెండు పద్ధతులకూ తేడా ఒక లెక్కతో చూడవచ్చు. ఒక మల్లుకు కనీస హామీ 100 రూపాయలు అనుకుందాం. వస్తువుల వాటా, పెద్ద షోల వాటా కలిసి 180 అయితే 180 వస్తాయి, 60 అయితే కంపెనీ 40 కలిపి 100 ఇస్తుంది. మల్లుకు భద్రత ఉంది, జనాన్ని రప్పించాలన్న ఆసక్తీ ఉంది. పూర్తి హామీ పద్ధతిలో 180 ముందే ఖాయం. బరిలోకి దిగినా, గాయం పేరుతో ఇంట్లో కూర్చున్నా ఆదాయం మారదు.

దీనికి తోడు హోగన్ కాంట్రాక్టులో తన పాత్ర, ఫలితం తాను ఆమోదించాలన్న షరతు ఉంది. అంటే పంచుల మాట పైల్వాన్ వినాల్సిన అవసరం లేదు. 1997 డిసెంబరు 28న స్టార్‌కేడ్‌లో ఆ ఫలితం కనిపించింది. ఏడాదికి పైగా నోరు విప్పకుండా పైకప్పుల మీద నుంచి చూస్తూ ఉండిపోయిన స్టింగ్ పాత్ర హోగన్‌తో తలపడే రోజది. డబ్ల్యూసీడబ్ల్యూ చరిత్రలోనే ఎక్కువమంది డబ్బు కట్టి చూసిన షో. స్టింగ్ నికాలీగా, తిరుగులేకుండా గెలవాలి. కానీ మొదట హోగన్ గెలిచినట్టు చూపి, రెఫరీ వేగంగా లెక్కపెట్టాడన్న సాకుతో కుస్తీ తిరిగి నడిపారు. రెఫరీ మామూలుగానే లెక్కపెట్టడంతో ఆ సాకూ నిలవలేదు. ఏడాది పాటు పెంచిన పంట కోతరోజు కళ్లంలో తడిసిపోయింది.

1998లో మరో తప్పు. ఓటమి ఎరగని గోల్డ్‌బర్గ్‌కు హోగన్‌తో పోటీ. ఇది పే-పర్-వ్యూలో పెడితే లక్షల ఇళ్లు డబ్బు కట్టేవి. జులై 6న అట్లాంటాలో కొద్దిరోజుల ముందు ప్రకటనతో, ఉచిత టీవీలో ఆడించారు. ఆ ఒక్క రాత్రి రేటింగ్ గెలిచారు. చివరి కుస్తీ మధ్యాహ్నమే అయిపోయింది. అదే ఏడు జనవరి నుంచి నైట్రోను మూడు గంటలకు పెంచారు, గురువారాలు థండర్ అనే మరో రెండు గంటల షో మొదలుపెట్టారు. వారానికి ఐదు గంటలు నింపడానికి కథలు చాలలేదు, పెద్ద జోడీలు చవకైపోయాయి.

1999 జనవరి 4న రా ముందే రికార్డు చేసిన షో. అందులో మిక్ ఫోలీ ఛాంపియన్ అవుతాడని నైట్రో వ్యాఖ్యాత ఎగతాళిగా చెప్పేశారు. ఒకప్పుడు పనిచేసిన ఎత్తు ఈసారి ఎదురుతిరిగింది. లక్షలమంది ఫోలీ గెలుపు చూడటానికి ఛానెల్ మార్చారు. అదే రాత్రి నైట్రోలో హోగన్ వేలితో పొడిస్తే నాష్ వెల్లకిలా పడిపోయి బెల్టు ఇచ్చేశారు. ఏ ఊరి బరిలోనైనా అది నూరా కుస్తీయే.

ఇన్ని తప్పులు మెక్‌మాన్ చేసి ఉంటే తన ఇల్లు తాకట్టు పడేది, కాబట్టి త్వరగా ఆగేవారు. డబ్ల్యూసీడబ్ల్యూలో కాంట్రాక్టు రాసినవారి జేబు, నష్టం మోసే జేబు వేరు. మాతృసంస్థ 1996లో టైమ్ వార్నర్‌లో, 2001లో ఏఓఎల్‌లో కలిసిపోయాక టర్నర్ అండ కూడా పోయింది. 2000లో నష్టం 6 కోట్ల డాలర్లు దాటిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. బిషాఫ్ కూడగట్టిన మదుపుదారులు కంపెనీ కొనడానికి సిద్ధపడ్డారు. సరిగ్గా అప్పుడు, 2001 మార్చిలో, టర్నర్ ఛానెళ్ల కొత్త అధిపతి జేమీ కెల్నర్ రెజ్లింగ్ కార్యక్రమాలు రద్దుచేశారు. ప్రసార వేళ లేని కంపెనీ తమకెందుకని మదుపుదారులు తప్పుకున్నారు. మార్చి 23న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పేర్లను, కొందరి కాంట్రాక్టులను సుమారు 25 లక్షల డాలర్లకు కొనుక్కుంది. మార్చి 26న ఆఖరి నైట్రో వచ్చింది. కంపెనీ అసలు విలువ మల్లుల్లో కన్నా ఆ సోమవారం రాత్రి వేళలో ఉందని కెల్నర్ నిర్ణయం తేల్చేసింది.

చేతిలో డబ్బు లేని ఈసీడబ్ల్యూ

ఫిలడెల్ఫియాలోని చిన్న కంపెనీ ఈసీడబ్ల్యూ దీనికి తలకిందులు. పాల్ హేమన్ ఒక్కరే నిర్ణయించేవారు, కథలు పదును, అభిమానులు ప్రాణం పెట్టేవారు. పెట్టుబడి లేదు. తయారైన మల్లులను పెద్ద కంపెనీలు ఎగరేసుకుపోయేవి. 1999 ఆగస్టులో టీఎన్‌ఎన్ ఛానెల్ వేళ దొరికింది, 2000 అక్టోబరులో పోయింది. 2001 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేశారు. జోడీ కట్టడం ఎంత తెలిసినా, చందా పుస్తకం ఖాళీగా ఉంటే చెయ్యగలిగింది తక్కువ.

టీఎన్‌ఏ, పుణె ప్రయోగం

2002 జూన్‌లో జెఫ్ జారెట్, ఆయన తండ్రి టీఎన్‌ఏ అనే కంపెనీ మొదలుపెట్టారు. టీవీ వేళ దొరక్క వారంవారం సుమారు 10 డాలర్ల పే-పర్-వ్యూ నడిపారు. ప్రతి వారం డబ్బు కట్టే అలవాటు జనానికి లేదు. నెలల్లోనే వాటా పాండా ఎనర్జీ అనే విద్యుత్ సంస్థకు వెళ్లింది. 2005లో స్పైక్ టీవీ దొరికాక కుదురుకుంది. గురువారం రాత్రి తన జనం తనకున్నారు. 2010 మార్చిలో హోగన్, బిషాఫ్ సలహాతో రాకు ఎదురుగా సోమవారానికి మారింది. రెండు నెలలకే మే నెలలో తిరిగి గురువారానికి వచ్చేసింది. తన ప్రత్యేకత అయిన ఆరుమూలల బరిని కూడా అప్పుడే వదులుకుంది. పెద్ద కంపెనీలా కనబడాలన్న ఆత్రంలో తనదంటూ ఉన్నదాన్ని పోగొట్టుకోవడం ఈ రంగంలో తరచూ కనిపించే జబ్బు.

మహారాష్ట్రవాళ్లకు ఈ కంపెనీ దగ్గరగా వచ్చిన సందర్భం ఉంది. 'రింగ్ కా కింగ్' పేరుతో భారతీయ రెజ్లింగ్ కార్యక్రమాన్ని పుణెలో చిత్రీకరించి, 2012 జనవరి నుంచి కలర్స్ ఛానెల్‌లో వేశారు. హర్భజన్ సింగ్ ప్రచారకర్త. ఏప్రిల్‌తో అయిపోయింది, రెండో విడత రాలేదు. షో మొత్తం ఒకేచోట, కొద్దిరోజుల్లో రికార్డు చెయ్యడం ఖర్చుకు మంచిదే. కానీ ఊరూరా తిరిగే షోలు, ఏడాది పొడవునా తర్ఫీదు, మల్లులకు దీర్ఘకాల కాంట్రాక్టు ఏవీ వెనక కనబడలేదు. కుస్తీలకు పేరుపడ్డ కొల్హాపూర్ ఖాస్‌బాగ్ మైదానం ఉన్న రాష్ట్రంలో ప్రేక్షకులకు కొదవ లేదు. మొదటి విడత తర్వాత కంపెనీగా నిలబెట్టే ఏర్పాటే కొదవ.

జపాన్ ఉదాహరణ ఇందుకు పోలిక. 1972లో ఆంటోనియో ఇనోకీ స్థాపించిన న్యూ జపాన్, 2000ల్లో తన మల్లులను నిజం పోరాటాల్లోకి దింపి ఓడించుకుని, పరువూ జనమూ పోగొట్టుకుంది. 2012లో కార్డు ఆటల సంస్థ బుషిరోడ్ కొన్నాక, ప్రచారానికి డబ్బు పోసి, బరి నిర్ణయాలు తెలిసినవాళ్లకే వదిలింది. 2014 డిసెంబరులో నెలకు 999 యెన్లకు స్ట్రీమింగ్ తెచ్చింది. యజమాని బయటివాడైనా, తనకు తెలియని పనిలో చెయ్యి పెట్టకపోతే నడుస్తుంది.

ఇప్పటి పోటీ

2019 జనవరి 1న ప్రకటించిన కొత్త పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూకు డబ్బు షాహిద్ ఖాన్ కుటుంబానిది, నిర్ణయం కొడుకు టోనీ ఖాన్‌ది. అక్టోబరు 2న డైనమైట్ కార్యక్రమం టీఎన్‌టీలో మొదలైంది. ఒకప్పుడు నైట్రో వచ్చిన ఛానెలే అది. డబ్ల్యూడబ్ల్యూఈ ఎదురుగా బుధవారం తన ఎన్‌ఎక్స్‌టీ కార్యక్రమాన్ని నిలబెట్టి, 2021 ఏప్రిల్‌లో మంగళవారానికి తప్పుకుంది. 2024 అక్టోబరులో వార్నర్ సంస్థతో కొత్త ఒప్పందం ఏడాదికి 18.5 కోట్ల డాలర్లని వార్తలు. టికెట్ల అమ్మకం ఎగుడుదిగుడుగా ఉన్నా కంపెనీ నిలబడటానికి ఇదే దన్ను.

దాని బలహీనత మనుషుల నిర్వహణ. 2022 సెప్టెంబరులో తెర వెనక సీఎం పంక్ అనే మల్లుకూ, కంపెనీలో కార్యనిర్వాహక హోదా ఉన్న మల్లులకూ మధ్య కొట్లాట జరిగింది. 2023 ఆగస్టు 27న వెంబ్లీలో 81,035 మంది వచ్చారని ప్రకటించిన షోలో మళ్లీ గొడవ. వారం తిరగకముందే పంక్‌ను తొలగించారు. మల్లుకే అధికారి కుర్చీ ఇస్తే జట్టులో జరిగే ప్రతి తగవులో కంపెనీ ఒక పక్షం అయిపోతుంది. స్థాపకుల్లో ఒకరైన కోడీ రోడ్స్ 2022లోనే వెళ్లిపోయి డబ్ల్యూడబ్ల్యూఈకి ప్రధాన నాయకుడయ్యారు.

డబ్ల్యూడబ్ల్యూఈలో ఒకే చేతి అధికారం కూడా మూల్యం చెల్లించింది. స్త్రీలకు రహస్యంగా ఇచ్చిన చెల్లింపుల మీద విచారణ నడుమ 2022 జులైలో మెక్‌మాన్ తప్పుకున్నారు. అధినేతను అడిగేవాళ్లు లేని కంపెనీలో తప్పు ఏళ్ల తరబడి దాగుతుంది. తర్వాత పని పంచారు: కథలు, ఫలితాలు ట్రిపుల్ హెచ్‌గా తెలిసిన పాల్ లెవెక్‌కు, ఒప్పందాలు నిక్ ఖాన్‌కు. 2023 సెప్టెంబరులో నిజం పోరాటాల సంస్థ యూఎఫ్‌సీతో కలిసి టీకేఓ సంస్థ అయింది. వ్యక్తి పోయినా ఆదాయం పెరగడం, పనిని పదవులుగా విడగొట్టగలిగారనడానికి ఆధారం. 2025 జులై 12న ఏఈడబ్ల్యూ తన పెద్ద షో టెక్సాస్‌లో పెడితే అదే రోజు డబ్ల్యూడబ్ల్యూఈ రెండు కార్యక్రమాలు పెట్టింది. 1987 నాటి ఎత్తును మెక్‌మాన్ లేకపోయినా మరిచిపోలేదు. తేడా ఏమిటంటే, ఇప్పుడు ప్రత్యర్థికి విడిగా ప్రసార ఒప్పందం ఉంది, కేబుల్ వాళ్లను బెదిరించి ఆపలేరు.

భారత్ మార్కెట్, సరిహద్దు ప్రేక్షకుడు

2017 మేలో భారత మూలాలున్న జిందర్ మహల్‌ను డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ చేసినప్పుడు చూపు భారత్ మీదేనని విశ్లేషకులు భావించారు. డిసెంబరులో ఢిల్లీలో రెండు షోలు అనుకుని ఒకటికి తగ్గించారు. అప్పటికే బెల్టు ఆయన దగ్గర లేదు. మనవాడని ఒక్కణ్ణి పైకెత్తితే జనం వస్తారన్న అంచనా తప్పింది. భారత ప్రేక్షకుడు కొన్నేళ్లుగా చూసి పెంచుకున్న అభిమానం జాన్ సీనా లాంటివాళ్ల మీద ఉంది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం షోకు సీనానే తేవడంలో ఆ గుర్తింపు కనిపిస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ మార్పు వల్ల సరిహద్దు తాలూకాల్లో చూసే తీరు మారింది. కేబుల్‌లో ఇంటిల్లిపాదీ, పక్కింటి పిల్లలతో సహా ఒకే తెర ముందు కూర్చునేవారు. ఇప్పుడు నెలకు 149 రూపాయల మొబైల్ పథకంలో ఒక్క ఫోన్‌లో ఒక్కరే చూస్తారు. కంపెనీకి హక్కుల సొమ్ము ముందే ఖాయం కాబట్టి ఈ తాలూకాల్లో ఎంతమంది తగ్గారన్నది ఇప్పటికిప్పుడు దాన్ని బాధించదు. కానీ ట్రంప్ కార్డులు పంచుకుని పెరిగిన తరం తర్వాత, చిన్నప్పుడు అనుకోకుండా ఛానెల్ తగిలి అలవాటుపడే పిల్లలు తగ్గిపోతారు. ఆ లోటు లెక్కల్లో చేరడానికి ఏళ్లు పడుతుంది.

ఆ లెక్క తేలే తేదీ ఒప్పందంలోనే ఉంది. పదేళ్ల ఒప్పందమే అయినా, ఐదేళ్లు గడిచాక వైదొలిగే వీలును నెట్‌ఫ్లిక్స్ ఉంచుకుంది. 2025 జనవరి 6న అక్కడ రా మొదటి ప్రసారం. అంటే 2030 ఆరంభానికి ఆ ప్రశ్న కంపెనీ ముందు ఉంటుంది.